లోపల బియ్యం మూటలున్నాయని చెప్పారు

ఆడపిల్ల గొంతు గడప దాటకూడదని పుదుచ్చేరిలో మా పెద్దలు గట్టిగా నమ్మిన రోజులవి. మగవాళ్ళ గొంతు మాత్రం కాలువ దాటి తెల్లదొరల వీధుల దాకా వినపడినా ఫరవాలేదు, అందులో విషయమేమీ లేకపోయినా ఫరవాలేదు. ఆ నమ్మకం పుణ్యమా అని ఒక మధ్యాహ్నం మా ఇంట్లో ఏమీ తెలియనివాళ్ళంతా మాట్లాడారు, అంతా తెలిసిన నేను తలుపు వెనకాల నోరు మూసుకుని కూర్చున్నాను. నన్ను పెళ్ళిచూపులు చూడడానికి రెడ్డియార్‌పాళయం నుంచి మగపెళ్ళివారు వస్తున్న మధ్యాహ్నం అది.

మా నాయనకు నూలు మిల్లులో పని. కాలువ అవతల ఒక దొరగారి పాత ఇల్లు పడగొడుతుంటే అక్కడి తలుపొకటి మోయించుకొచ్చి మా వీధి గదికి బిగించాడు. దానికి వేలాడే తాళం కాదు, చెక్కలోనే ఇమిడిపోయిన తాళం, అటూ ఇటూ ఒకటే కన్నం. (వానొస్తే మా కప్పు కారేది. అది వేరే సంగతి, తలుపు మాత్రం ఫ్రాన్సు తలుపు.) ఆ వేళ చీర కట్టుకుంటుంటే పక్కింటి పిల్లలు తొంగిచూస్తున్నారని లోపల తాళం వేసుకున్నాను. మళ్ళీ తీయబోతే తాళంచెవి సగం తిరిగి పుటుక్కుమంది. పిడి నా చేతిలో, పన్ను ఉన్న ముక్క కన్నంలో.

"అవ్వా, చెవి విరిగిపోయిందే!" అని అరిచాను.

"నోరు ముయ్యవే!" అంది మా నాయనమ్మ తలుపుకి చెంప ఆనించి. "నువ్వు లోపలుండావని బీగాలు తీసే ఆచారికి తెలిసిందంటే, పెళ్ళి ఇష్టం లేదన్న పిల్లని గదిలో తోసి బీగం వేసినారని సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంటుంది. మేం చూసుకుంటాం. నువ్వు గమ్మునుండు." (మా ఇళ్ళల్లో తాళాన్ని బీగమే అంటాం.)

చూసుకోవడానికి మా మామ బయల్దేరాడు. అమ్మకు అన్న, కోర్టులో డవాలు బంట్రోతు. ఏళ్ళ తరబడి వకీళ్ళ పక్కన నిలబడి ఆయన నేర్చుకున్న విద్య ఒక్కటే, అడిగినదానికి జవాబు చెప్పకుండా గంభీరంగా ఉండడం. ఆ రోజు కోర్టుకు సెలవైనా ఇత్తడి బిళ్ళతో సహా ఆ డవాలు పట్టీ భుజానికి తగిలించుకునే వెళ్ళాడు. తాళాలు చేసే ఆచారి కొట్టు మా వీధి చివరే. అక్కడ జరిగిన సంభాషణను ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆచారి మా అరుగు మీద అభినయించి మరీ చూపించాడు.

"ఆచారీ, బీగంలో ఒక ఇబ్బంది ఉండాది. రావల్ల."

"ఏం బీగం సామీ? తలుపుదా, పెట్టెదా?"

"అది నువ్వొచ్చి చూసుకోవల్ల."

"చెవి పోయిందా, ఉండి తిరగడం లేదా?"

"చెవి సంగతి చెప్పే అధికారం నాకు లేదు."

పాపం ఆచారి, ఇంత రహస్యమంటే నగల పెట్టె అయ్యుంటుందని చిటికెన వేలంత తాళంచెవుల గుత్తి తెచ్చాడు. దొరగారి తలుపు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "దీనికి సామాన్లు వేరే కావల్ల. ఇంతకీ లోపలేముంది, తొందరా?"

"బియ్యం మూటలు," అంది అవ్వ తడుముకోకుండా.

"బియ్యమే కదా, యాడికి పోతాయి! రేపు పొద్దున వస్తా."

లోపల నాకు చెమటలు పట్టాయి. మామ తన తెలివినంతా కూడగట్టుకుని, "ఒక పిల్లి కూడా ఉండాది," అన్నాడు. ఆచారి వీధిలోకి వంగి నా కిటికీ ఊచల సందు కొలత చూశాడు. "పిల్లయితే ఇట్టే దూకి పోతుంది సామీ." అప్పుడు మా నాయన అందుకున్నాడు. తాళం సంగతి కాదు, తలుపు చరిత్ర. దొరగారి మీసం, ఆయన కుక్క, పడమటింటి గోడ ఎట్లా కూలిందీ, అన్నీ. ఆచారి అరుగు మీద కూర్చుని తాంబూలం వేసుకుంటూ విన్నాడు. ఇంతలో వీధిలో ఒంటెద్దు బండి గంటలు.

కిటికీలోంచి చూశాను. పెళ్ళికొడుకు దిగగానే మా వాళ్ళ దండాలు కూడా అందుకోకుండా ఎద్దును విప్పి నీడలోకి తోలాడు. నాకు నచ్చాడు. (ఎద్దు కూడా నచ్చింది.) వాళ్ళమ్మ అరుగెక్కి, "పిల్ల యాడ?" అంది.

"గుడికి పోయింది," అంది అవ్వ.

"తలనొప్పితో పడుకుంది," అన్నాడు మామ, అదే క్షణంలో.

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏందిది? గుళ్ళో పడుకుందా? పదరా అబ్బయా, ఇక్కడేదో తిరకాసుండాది." పెళ్ళికొడుకు ఎద్దు వైపు నడిచాడు.

ఇంక నా గొంతు గడపే కాదు, వీధి చివరి దాకా దాటింది. "ఆచారన్నా! లోపల నేనుండా. బియ్యమూ లేదు, పిల్లీ లేదు. బీగం చెక్కలోనే ఉండాది. లోపల్నుంచి తీస్తావుంటే చెవి సగం తిరిగి విరిగింది. ముక్క కన్నంలో ఉండాది, కనపడతాది గానీ గోరుకు అందదు!"

ఆచారి తాంబూలం ఉమ్మేసి తలుపు దగ్గర కూర్చున్నాడు. "ముక్క పన్ను కిందికుండాదా, పక్కకు తిరిగిందా అమ్మణ్ణీ?"

"పక్కకు. గోడ దిక్కు."

"అట్ల చెప్పు తల్లీ! ఈ మాట కోసం ఇందాకట్నుంచి నాకు ఊరి చరిత్రంతా చెప్పినారు!"

కొట్టుకు పరిగెత్తి సరైన కొక్కెం తెచ్చి, ముక్కను తిన్నగా తిప్పి తోశాడు. నా కాళ్ళ దగ్గర టంగుమని పడింది. ఇంకో వంకర కమ్మీతో గడియ లాగాడు. తలుపు తెరుచుకుంది. చెమటకు కుంకుమ ముక్కు దాకా జారి, చీర నలిగిపోయి, చేతిలో విరిగిన పిడితో పెళ్ళికూతురు దర్శనమిచ్చింది. అవ్వ కొంగుతో మొహం కప్పుకుంది.

పెళ్ళికొడుకు తల్లి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "పాట వద్దు, ఏమీ వద్దు. మా ఇంట్లో మగోళ్ళంతా మీ మామ మాదిరే. ఆకలైతే ఆకలని చెప్పరు, గిన్నెలు మోగిస్తారు. నోరుండే మనిషి మాకు ఒకరు కావల్ల." ఎద్దు పక్కన నిలబడ్డాయన తల వంచుకుని నవ్వాడు.

ఆయనతో కాపురమంతా నాది అదే ఉద్యోగం. మంత్రసానికి, కప్పు నేసేవాడికి, డాక్టరుకి, ఎవరికి కబురు పంపినా నేనే చెప్పాలి. ఆయన కడుపునొప్పి కూడా నేనే చెప్పేదాన్ని, ఆయన పక్కన కూర్చుని అవునవునని తలాడించేవాడు. ఆ తలాడింపు ఇప్పుడు లేదు.

మొన్న మోకాలు పట్టేసి మంచం దిగలేకపోతే మనవరాలు వచ్చి, "యాడ నొప్పి అవ్వా? ఎప్పట్నుంచి? మడిస్తేనా, చాపితేనా?" అని తీరుగా అడిగింది. "ఏదో ఒక ఇబ్బంది ఉండాదిలేవే, నువ్వే చూసుకో," అన్నాను గంభీరంగా. అన్నాక మామ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. డవాలు ఒక్కటే తక్కువ నాకు.