రికార్డింగులో లేని జవాబు

2022 వానాకాలం. భిలాయిలో ఒక ప్రైవేటు కాలేజీ సైకాలజీ విభాగంలో రిసెర్చ్ అసిస్టెంటుగా నాకది మొదటి ఉద్యోగం. పవర్ హౌస్ దగ్గర ఆటో దిగి, గొడుగు ముడిచి, ఎవరినీ పలకరించకుండా ల్యాబులోకి వెళ్ళిపోయేదాన్ని. మనుషులతో మాట్లాడలేని నాకు మనుషుల్ని గమనించే పని దొరకడం అదృష్టమే అనుకున్నాను.

మా ప్రొఫెసర్ గారు అప్పుడు చేస్తున్నది విధేయత మీద ప్రయోగం. అధికారం ఉన్నట్టు కనిపించే ఒకరు చెబితే, మామూలు మనిషి సాటిమనిషిని ఎంతవరకు బాధపెడతాడన్నది ప్రశ్న. వచ్చినవాళ్ళకు మాత్రం జ్ఞాపకశక్తి పరీక్ష అని చెప్పేవాళ్ళం. గోడ అవతల ఒక విద్యార్థిని ఉందనీ, ఆమె తప్పు చెప్పినప్పుడల్లా ఒక్కో మీట నొక్కాలనీ, మీట మారేకొద్దీ ఆమెకు తగిలే షాకు పెరుగుతుందనీ నమ్మించేవాళ్ళం. నిజానికి ఆ మీటలకు తీగలే లేవు. అవతల ఉండేది నేనూ, ఒక ల్యాప్‌టాపూ. గుట్టు తెలిసి ప్రయోగంలో పాల్గొనే మనిషిని మా వృత్తిలో కాన్ఫెడరేట్ అంటారు. నేను నటించనక్కరలేదు కూడా. ముందే రికార్డు చేసిన నా కేకల్ని వరసగా వినిపిస్తే చాలు.

ఆ కేకలు నాకు హిందీలో రాసిచ్చారు. మైకు ముందు నోరు పెగల్లేదు. చివరికి అందరినీ బయటికి పంపి, తలుపు వేసుకుని అరిచాను. ఇంట్లోనూ సగం హిందీలోనే మాట్లాడే నాకు ఆ క్షణంలో వచ్చింది తెలుగే: "అమ్మా! నా వల్ల కాదు, ఆపండి!"

ప్రొఫెసర్ గారికి తెలుగు రాదు. కానీ విని, "ఇదే ఉంచుదాం, నిజంలా ఉంది" అన్నారు.

వచ్చినవాళ్ళలో కొందరు మధ్యలోనే లేచిపోయారు. కొందరు చెమటలు తుడుచుకుంటూ, గోడవైపు చూసి "సారీ" చెబుతూ చివరిదాకా నొక్కారు. ఎవరేం చేసినా అయిపోగానే నిజం చెప్పి, వాళ్ళ మనసు కుదుటపరిచి పంపాలి. దాన్ని డీబ్రీఫింగ్ అంటారు. అది ఆయనే చేసేవారు. నేను గోడ వెనకే ఉండిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం సెక్టర్ 6 నుంచి పైడితల్లమ్మ గారు వచ్చారు. భర్త స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. ఆమె ఇంట్లో జాకెట్లు కుడతారు. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చి కూర్చున్నారు. నేను కెమెరా తెర మీద చూస్తున్నాను.

మొదటి మీటలు నవ్వుతూనే నొక్కారు. "సిలాయి మిషన్ సే ఆసాన్ హై, సాబ్!" కుట్టుమిషను కన్నా సులువట.

అప్పుడు నా మొదటి కేక వినిపించింది. ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"సాబ్, యే తో హమారీ తెలుగూ బచ్చీ హై!" ఇది మన తెలుగు పిల్లేనట.

"ఆగే బఢియే, మాజీ," అన్నారు ప్రొఫెసర్ గారు మెత్తగా. ప్రయోగంలో ఆయన అనవలసిన మాట అదే. కొనసాగించండమ్మా అని.

ఆమె నొక్కారు. మళ్ళీ కేక. ఈసారి ఆయన వైపు చూడలేదు. గోడవైపు తిరిగి గట్టిగా అడిగారు.

"ఒలే గుంటా, ఏ ఊరే మీది?"

ఇక్కడికి వచ్చి స్థిరపడిన మనవాళ్ళందరికీ ఆ అలవాటుంది. బజారులో తెలుగు ముక్క చెవిన పడితే చాలు, పేరుకన్నా ముందు ఊరడుగుతారు. నా దగ్గర మూలుగు ఉంది, ఏడుపు ఉంది, బతిమాలడం ఉంది. ఆ ప్రశ్నకు జవాబు లేదు. పైగా వరసలో తరువాత ఉన్నది నిశ్శబ్దం. ఆ మీట దాటాక అవతలి మనిషి పలకకూడదన్నది ప్రయోగంలో భాగం.

"పలకవేటే? ఎవుల గుంటవే నువ్వు?"

నిశ్శబ్దం.

ఆమె ముఖం పాలిపోయింది. గుండె మీద చెయ్యి వేసుకుని లేచారు. "ఓలమ్మా, గుంటని సంపీసినానేటి!"

"ఆగే బఢియే, మాజీ."

"తుమ్ బఢో ఆగే!" నువ్వే కొనసాగించుకో అని ఆయన మీద విరుచుకుపడి, వచ్చి అరచేతులతో గోడను బాదసాగారు. ఆ అదురు నా బల్ల మీదికి వచ్చింది. నేను పలికితే ప్రయోగం చెడుతుంది. నా ఉద్యోగం ఆయన దయ మీద నడుస్తోంది. పలకకపోతే, ఒక పిల్లను చంపానన్న నమ్మకంతో ఆమె అలా నిలబడే ఉంటారు.

"మందస దగ్గరండీ," అన్నాను. రికార్డింగులోంచి కాదు, నా గొంతుతో. "మా తాతగారి ఊరు." లేచి తలుపు తీశాను.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, మణికట్లు తిప్పి తిప్పి, కాలిన మచ్చల కోసం వెతికారు. నేను చెబుతూనే ఉన్నాను: షాకు లేదనీ, తీగలు లేవనీ, అంతా అబద్ధమనీ. ముందు నమ్మలేదు. తరువాత కుర్చీలో కూలబడ్డారు.

"మీకు అబద్దమే. నా గుండెకి నిజిమే కదేటమ్మా?"

ప్రొఫెసర్ గారు కెమెరా ఆపేసి, స్వయంగా మంచినీళ్ళు తెచ్చిచ్చి, క్షమించమన్నారు. ఆమె తాగి, కాస్త తేరుకుని, నన్ను ఎగాదిగా చూశారు. "సూస్తే మూగదానిలాగున్నావు. రైలు కూతలాగ అరిసినావే!" ముగ్గురం నవ్వాం. హిందీలో అర్థం చెప్పాక ఆయన కొంచెం ఆలస్యంగా నవ్వారు.

గుమ్మం దాకా వెళ్ళి ఆమె మళ్ళీ వెనక్కి వచ్చారు.

"ఒక మాట సెప్పాలి గుంటా. నువ్వు హిందీలో అరిసుంటే నాను ఊరడగను. ఆ బాబు సెప్పినట్టు నొక్కుకు పోదును."

"ఎందుకండీ?"

"ఎవులో అనుకుందును." కళ్ళు తుడుచుకున్నారు. "అది తప్పే కదా? అదీ రాసుకో."

ఆమె మాటలు ప్రొఫెసర్ గారికి హిందీలో చెప్పాను. తరువాతి వారం ఆయన ఆ నిశ్శబ్దాన్ని ప్రయోగంలోంచి తీసేశారు. డీబ్రీఫింగ్ నాకు అప్పగించారు. ఇప్పటికీ నేనే చేస్తున్నాను. ముందు నా పేరు, మా తాతగారి ఊరు చెప్పి, అప్పుడు మొదలుపెడతాను. ఏ భాషవాళ్ళు వచ్చినా సరే.

ఆమె ఆగిపోవడం గొప్పే. కానీ నన్ను ఈనాటికీ నివ్వెరపరిచేది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడం. అప్పటికి ప్రయోగం అయిపోయింది, కెమెరా ఆగిపోయింది, ఎవరూ ఏమీ అడగలేదు. మనిషి లోపల ఏముందో తెలుసుకోవడానికి మేం అన్ని మీటలు పెట్టాం, అన్ని అబద్ధాలు చెప్పాం. ఆ గదిలో నేను విన్న అన్నిటికన్నా లోతైన నిజం మాత్రం, నిజం చెప్పాకే వచ్చింది.