లోజేబు ఎవరి మాట

"జేబు కుట్టింది నువ్వే బావా, కాదన్లేదు. మాట అన్నది మాత్రం నేను. చొక్కా తిరగేసి ఇస్త్రీ పెట్టె పెడుతుంటే చేతికి తగిలింది. 'ఇదేంటి, లోజేబా' అన్నాను. బండి చుట్టూ నలుగురున్నారు."

"ఆ నలుగురిలో ఇప్పుడెవరున్నారు?"

"ఇద్దరు పోయారు. ఒకడికి మతి లేదు."

"నాలుగోవాడు?"

"నాలుగోవాడివి నువ్వేగా."

టైలరు గుడ్డలు కత్తిరించే బల్లకు అటు ఆయన, ఇటు ఆయన బావమరిది నిలబడి పొద్దున్నుంచీ ఇదే గొడవ. బావమరిదిది వీధి చివర ఇస్త్రీ బండి. ఇద్దరూ అరవై దాటినవాళ్ళు. ఆస్తి తగాదా అయితే కొంత అర్థం ఉండేది. వీళ్ళు తేల్చుకుంటున్నది ఒక తిట్టుకు తండ్రెవరని.

పదకొండేళ్ళ కిందట ఆ వార్డు నాయకుడి చొక్కాకు లోపల ఎడమ పక్కన ఒక జేబుందన్న సంగతి బయటికి పొక్కింది. వారం తిరక్కుండా అవతలి పార్టీ మైకెక్కింది. ముందు ఆయన పేరు లోజేబు అయింది. తర్వాత ఆయన వెంట తిరిగేవాళ్ళంతా లోజేబుగాళ్ళయ్యారు. వాళ్ళు మాత్రం ఊరుకుంటారా, అవతలివాళ్ళకు చిల్లిజేబుగాళ్ళని పెట్టారు గానీ అది అంటుకోలేదు. లోజేబైతే జిగురులా పట్టుకుంది. బడిలో పెన్సిలు కొట్టేసిన పిల్లవాడు లోజేబు, మిద్దె మీద చాటుగా సిగరెట్టు కాల్చే మొగుడు లోజేబు. నాయకుడు వరసగా రెండు ఎన్నికలు ఓడిపోయాడు. ఆ జేబులో ఏముందని మైకులో గానీ బయట గానీ ఒక్కరూ అడగలేదు. జేబంటూ ఒకటుంటే చాలు, నింపే పని జనం చూసుకున్నారు.

ఇప్పుడు గెలిచిన ఆ అవతలి పార్టీవాళ్ళు తమ గొప్పలన్నీ కలిపి ఒక పుస్తకం వేస్తున్నారు. అందులో ఆ మాటకు రెండు పేజీలు, దాన్ని పుట్టించినవాడి ఫోటో. పుస్తకం రాసే పెద్దమనిషి కొట్లో స్టూలు మీద కూర్చుని, "ఇద్దరూ నాదంటే నాదంటే ఎలాగండీ, ఆధారం చూపించండి," అన్నాడు.

ఆ ఫోటో మీద టైలరు ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఊరి వీపంతా ఆయన చేతిమీదుగానే వెళ్ళింది, ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు. ఒకప్పుడు కాలరు వెనక కొట్టు పేరున్న గుడ్డముక్క కుట్టి చూశాడు. మెడకు గుచ్చుకుంటోందని ఎవరికి వాళ్ళు విప్పించుకున్నారు. ఆయన చేసినవాటిలో జనం విప్పకుండా తొడుక్కుని తిరుగుతున్నది ఈ మాటొక్కటే. దాన్ని ఇస్త్రీ పెట్టె మోసేవాడికి వదులుకుంటాడా?

"ఆ ఏటి కొలతల పుస్తకం తియ్యి," అన్నాడు భార్యతో.

ఆమె మూల కూర్చుని గుండీలు కుడుతోంది. ఆ కొట్లో పద్ధతి ఏమిటంటే, ఆయన టేపు పట్టి కేకేస్తాడు, ఆమె రాస్తుంది. ఆయన నోటి నుంచి ఏదొస్తే అది రాస్తుంది, వడపోత లేదు.

"ఆ పుస్తకం ఎందుకు లెండి," అంది దారం పళ్ళతో తెంపుతూ.

"తియ్యమంటే తియ్యవేం? తేదీ చూస్తే మీ తమ్ముడి వేషాలు తేలిపోతాయి."

ఆమె లేచి, పీలికల మూటల కింద నుంచి అట్ట ఊడిన పుస్తకం లాగి, దుమ్ము కొట్టి, తనే చదివింది. "పొడవు ముప్ఫై. ఛాతీ నలభై. భుజం పద్దెనిమిది. ఎడమ పక్క లోజేబు, వెడల్పు మూడు, లోతు ఐదు."

"విన్నావా? నీ బండి దగ్గరికి రాకముందే నా నోటి నుంచి వచ్చింది," అన్నాడు టైలరు.

ఆమె ఆపలేదు. "ఆయాసానికి మందు పీల్చే గొట్టం పెట్టుకోడానికి. పైకి ఉబ్బు కనపడకూడదు. ఎందుకో ఎవరికీ చెప్పొద్దన్నారు."

ముందు తేరుకున్నది బావమరిది.

"నీకు తెలుసా బావా?"

"ఎందుకో చెప్పొద్దన్నాడు. చెప్పలేదు," అన్నాడు టైలరు. "జేబుందన్నాను, అంతేగా."

"మాట తప్పని మనిషి," అంది భార్య.

"మరి ఆయనైనా ఆ గొట్టం తీసి చూపించొచ్చుగా, అక్కా?"

"దొంగంటే కొందరైనా ఓటేస్తారు. రోగిష్టంటే ఎవరేస్తారురా?"

నాయకుడు ఇప్పటికీ చొక్కాలు ఇక్కడే కుట్టించుకుంటాడు. పోయిన నెల వచ్చినప్పుడు కొట్టు ముందున్న మూడు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. టేపు చుట్టినప్పుడు దాని కింద రొమ్ము కొలిమితిత్తిలా ఎగసిపడుతుంటే, అది నిలిచేదాకా టైలరు ఆగాల్సి వచ్చింది. నలభై ఛాతీ ముప్ఫై ఆరుకు దిగింది. "జేబు మామూలుగానే," అన్నాడు నాయకుడు. "మామూలుగానే," అన్నాడు టైలరు, ఆయన ముఖం వైపు చూడకుండా.

పుస్తకం రాసే పెద్దమనిషి మాత్రం ఏ తొణుకూ లేకుండా పేజీని ఫోటో తియ్యడానికి ఫోను తీశాడు. "పై లైను చాలండీ, మిగతాది మన పాఠకులకు అక్కర్లేదు. ఆ కింద కాస్త వేలు అడ్డం పెట్టండి."

టైలరు పుస్తకం అందుకుని బొటనవేలు పెట్టాడు. ఆమెవి గుండ్రటి పెద్ద అక్షరాలు. ఒక లైను మూస్తే ఇంకో లైను తేలుతోంది. అరచెయ్యి పెట్టాడు. తలెత్తితే, మళ్ళీ గుండీల దగ్గర కూర్చున్న భార్య చూస్తోంది, సూది గుండీలోనే ఉంది.

"బండిలో బొగ్గులు చల్లారిపోతాయి బావా, ఫోటో నువ్వే దిగు. నేనేదో సరదాకన్నాను," అంటూ బావమరిది చెప్పులు వేసుకున్నాడు. పొద్దున్నుంచీ ఇద్దరు తండ్రులున్న మాటకు ఒక తండ్రి తగ్గాడు.

టైలరు పుస్తకం మూశాడు. మెడలోని టేపు తీసి దాని మీద చుట్టాడు.

"నా పేరొద్దు బాబూ, విప్పెయ్యండి," అన్నాడు. "జనం నోట పుట్టిందని రాసుకోండి. జనం మాటైతే, ఎందుకన్నావని నన్ను అడగడానికి ఎవరూ ఈ మూడు మెట్లెక్కి రారు."