ఏలకుల వేలం ఆగిన పూట

చారులత కంబంలో ద్రాక్షపందిళ్ళ కింద పెరిగిన మనిషి. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు అక్షరాలు రావు గానీ, కోపమొచ్చినా నవ్వొచ్చినా నోట ముందు వచ్చేది తెలుగే. డిప్లొమా చదివి తేనిలో ఒక నెట్‌వర్క్ కంపెనీలో చేరి పద్దెనిమిదేళ్ళయింది. ఎక్కడ లైను పడిపోయినా సంచి భుజాన వేసుకుని బస్సెక్కేది ఆవిడే.

ఒక బుధవారం పొద్దున్నే ఆ కంపెనీ కోయంబత్తూరు ఆఫీసులో పనిచేసే మదన్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఏలకుల ఏలం హాలు స్విచ్‌లో వాడని పోర్టులు మూసేస్తి. నేను లోపలికి వచ్చిన పోర్టునూ మూసేసినా. స్విచ్‌కు ఆర్డర్లన్నీ ఒకే దెబ్బకి పంపిస్తి, కడాన సేవ్ కూడా ఉండె."

"అంటే సేవ్ అయిపోయింది, ఆపి మళ్ళీ వేసినా లాభం లేదు."

"లేదక్కా. ఇక్కడ్నించి దారే లేదు."

చారులత నవ్వు ఆపుకుని బయల్దేరింది.

ఆవిడ వెళ్ళేసరికి హాల్లో అరవైమంది వ్యాపారులు కదలని తెరల ముందు కూర్చుని కేకలేస్తున్నారు. మేనేజరు దొరసామి డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి. తమిళంలో తొందరపెడుతూ ఆవిణ్ణి వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. ఏలకుల మూటల చాటున గోడకు, హాల్లోని కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టె ఉంది. చారులత ఒక మూట మీదే కూర్చుని, స్విచ్‌కు నేరుగా ఆర్డర్లిచ్చే కన్సోల్ పోర్టులో తీగ గుచ్చింది. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ తీగ పట్టే సీరియల్ పోర్టు ఉండదు కదా, రెండో కొసను చిన్న కన్వర్టరుకు తగిలించి ల్యాప్‌టాప్‌లో పెట్టింది. ఇక నెట్‌వర్కుతో పనిలేదు, పెట్టెతో నేరుగా మాట్లాడవచ్చు.

తెరమీద మాత్రం పిచ్చి గీతలు, ప్రశ్న గుర్తులు పడ్డాయి.

"ఏమే, తిన్నగా మాట్లాడవే! నోట్లో ఏం పెట్టుకోనుండావు?" అని పెట్టె మీద విసుక్కుంది చారులత.

దొరసామి ఉలిక్కిపడి తెలుగులోకి దిగాడు. "ఏమ్మా, నువ్వు మనోళ్ళ బిడ్డా? ఏ ఊరు?"

"కంబమయ్యా. చెల్లప్ప కూతుర్ని."

"ద్రాక్షతోట చెల్లప్పా! ఆయన పెండ్లిలో వడ్డించింది నేనే కదమ్మా!"

అంతే, బయట కేకలు మరచిపోయి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఏమంటా ఉండాది ఇది?"

"ఇది వేగంగా మాట్లాడతా ఉండాది, నా మిషన్ మెల్లగా వింటా ఉండాది. అదే తకరారు."

"మా ఇంట్లో లక్ష్మమ్మాళ్ మాదిరే," అన్నాడు ఆయన భార్యను తలచుకుని.

మామూలుగా ఇలాంటి పెట్టెలు సెకనుకు తొమ్మిదివేల ఆరువందల బిట్ల వేగంతో మాట్లాడతాయి. దీన్ని ఎవరో మార్చి ఉంటారు. చారులత ఒక్కో మెట్టే వేగం పెంచుకుంటూ పోయింది. లక్షా పదిహేనువేల రెండువందల దగ్గర గీతలు పోయి, శుభ్రమైన అక్షరాల్లో పేరు అడిగింది పెట్టె. పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళి, మూసిన పోర్టు ఏదో పట్టుకుంది. తెరవమని ఆర్డరు రాసి, చెయ్యి ఆపి, పెద్దాయన వైపు చూసింది.

"అయ్యా, ఎంటర్ మీరు నొక్కండి."

"నేనా? ఏమన్నా అయితే?"

"ఏమీ కాదు."

దొరసామి వేలు పంచెకు తుడుచుకుని, గుడిలో గంటను ముట్టుకున్నంత భక్తిగా నొక్కాడు. పోర్టు దగ్గర పచ్చలైటు వెలిగింది. కాసేపటికి హాల్లోంచి ఎవరో ధర గట్టిగా చదవడం వినిపించింది. చారులత మరచిపోకుండా సేవ్ చేసింది.

ఆవిడ తీగ చుట్టుకుని వచ్చేలోపే దొరసామి హాలు మధ్యన నిలబడి, "నేనే నొక్కితి, వచ్చేసింది!" అని తమిళంలో ప్రకటిస్తున్నాడు. ఒక వ్యాపారి నమ్మలేక ఆవిడ వైపు చూశాడు.

"ఆమా, ఆయనే," అని తలాడించింది చారులత.

మధ్యాహ్నం దొరసామి ఆవిణ్ణి బస్సెక్కనివ్వకుండా భోజనానికి ఇంటికి తీసుకెళ్ళాడు. లక్ష్మమ్మాళ్ సంగటి మీద సంగటి వడ్డిస్తూ చెల్లప్ప పెళ్ళి ముచ్చట్లన్నీ మొదటి నుంచి చెప్పింది, ఊపిరి తిప్పుకోకుండా.