ఆరువేళ్ల సీమపిల్లి

మా మామగారు పలాసలో ఒక రైల్వే బంగళాకు కొబ్బరికాయలు వేసేవారు. అరవైల చివర్లో ఆ బంగళాలో ఉండే ఆఫీసరు దొరగారికి బదిలీ అయితే, ముచ్చటపడి పెంచుకున్న సీమపిల్లిని మామగారి చేతిలో పెట్టి వెళ్లారట. తెల్లటి బొచ్చు, గుబురు తోక. కవిటిలో మా ఇంటికొచ్చిన నెలకే నాలుగు పిల్లల్ని పెట్టింది. అప్పుడు నాకు ఐదో నెల.

మా అత్త ఒక పిల్లని ఎత్తి కాలివేళ్లు లెక్కపెట్టింది. "ఓలమ్మో! ముంగాలికి ఆరేళ్లు! తల్లికీ ఆరే. సూడు పిల్లా, తల్లికేటుంటే పిల్లలికీ అదే వత్తాది."

నేను పాలగిన్నె దించి, చెయ్యి కొంగులో దాచుకున్నాను.

నేనూ ఆరువేళ్లతో పుట్టినదాన్నే. మా అమ్మ పురిట్లోనే చేతి ఆరోవేలికి పట్టుదారం బిగించి కట్టిందట. అది ఎండి రాలిపోయింది. చిటికెనవేలి పక్కన పెసరగింజంత మచ్చ మిగిలింది. పెళ్లిచూపులనాడు అమ్మ దాన్ని గోరింటాకు కింద దాచింది. తర్వాత అత్త అడిగితే అట్లపెనం తగిలిందన్నాను. ఎంత నంగనాచినో! ఆ అబద్ధాన్ని బిడ్డ చేతిలో పట్టుకొని బయటికొస్తుందని హడలిపోయాను. దాచి పెళ్లి చేశారని పుట్టింటికి తోలేస్తే ఏ మొహంతో బతకను? కాపాడ్డానికి అమ్మ కూడా లేదు. పోయి ఏడాదైంది. అందుకే పురుడు అత్తింట్లోనే.

నెలలు నిండాయి. ఆడపిల్ల. మంత్రసాని బిడ్డను కడుగుతూ, "ఏలొకటి ఎక్కువున్నాదేటే!" అంది. నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను. ఇక అయిపోయింది అనుకున్నాను.

అత్త నెత్తి కొట్టుకుంది. "నా బుర్రకేటైనాదో! కడుపుతో ఉన్నదాని ఎదర ఆ పిల్లిని ఉంచినాను. రోజూ సూసీసింది, బిడ్డకి అదే వచ్చీసినాది. తప్పు నాదే తల్లీ, ఏడవకు."

తల్లికేటుంటే అదే వస్తుందన్న మనిషి నా చేతివైపు చూడనేలేదు. నేను మచ్చున్న చేతిని దుప్పట్లోకి లాక్కున్నాను. ఆ సాయంత్రమే మామగారు పిల్లినీ దాని పిల్లల్నీ గోనెసంచిలో కట్టి, బండిమీద జలంత్రకోట జీడితోటల్లో వదిలేసి వచ్చారు. అత్త బిడ్డ వేలికి దారం కట్టింది. చెయ్యి కదలకుండా పట్టుకున్నది నేనే.

పురుడు వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం పిల్లి ఒంటరిగా తిరిగొచ్చింది. ఒళ్లంతా మట్టి, డొక్కలు లోపలికి పోయాయి. గడప దగ్గర కూర్చొని నన్ను చూసి అరిచింది. అత్త పెరట్లో ఉంది. దీన్ని చూస్తే మళ్లీ వేళ్ల మాటెత్తుతుంది, ఈసారి నా చెయ్యి చూస్తుంది. చీపురు తిరగేసి కొట్టాను. ముంగాలి మీద తగిలింది. అది కుంటుకుంటూ కొబ్బరితోటలోకి పోయింది.

"ఎవులే అక్కడ?" అత్త కేకేసింది.

"ఎవుల్లేరత్తా" అన్నాను.