బరువైన కేసింగు

మే నెల రెండో సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మా పైపుల కార్ఖానా వెనుక షెడ్డు తెరిచాను. పక్కన పెట్టించిన పన్నెండు బోరు కేసింగు పైపులు అక్కడ లేవు.

అవి లోపమున్నవి, పొడి చేసి మళ్లీ కరిగించవలసినవి. పీవీసీలో కలిపే సున్నపురాయి పొడికి కొవ్వు ఆమ్లపు పూత ఉండి, మోతాదు మించకపోతే, పైపు బిగువుగా వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. ఈ పైపుల్లో వాడిన పొడికి పూత లేదు, మోతాదూ మించింది. చెమ్మ పీల్చిన పొడి ఉండలు కట్టి పీవీసీలో కలవలేదు. యంత్రం మోటారు మూలిగింది, పైపు లోపలి గోడ గరుకుగా దిగింది. రాయి ప్లాస్టిక్కు కంటె దాదాపు రెండింతలు బరువు. అందుచేత ఆ పైపులు బరువెక్కాయి, పెళుసెక్కాయి.

హార్డ్‌వేర్ దుకాణం నడిపే అన్నకు ఫోను చేశాను. రాజురా అవతల బావ పొలంలో బోరు వేస్తున్నారనీ, ముందురోజు సాయంత్రమే మా షెడ్డు నుంచి తాను పైపులు పంపాననీ చెప్పాడు.

"రెండు కుప్పలు చేతబట్టి చూసిన తమ్మీ. బరువున్నయే ఏరిన. ఇంటల్లునికి తేలికవి ఇస్తమా?"

మూడు తరాలుగా తరాజు పట్టిన ఇల్లు మాది.

బావకు ఎనిమిది బర్రెలు. బావి ఎండి పది రోజులైంది. నీళ్లు పడకపోతే వాటిని అమ్మక తప్పదు. బోరు బండి చప్పుడులో ఆయన ఫోను ఎత్తలేదు. వర్ధా నది వంతెన దాటి నేను చేరేసరికి నీళ్లు పడ్డాయి, రెండు పైపులు దిగాయి, మూడోదానికి మర బిగిస్తున్నారు. పక్కనున్న పైపును ఎత్తి రాతి మీద వేశాను. గాజులా పగిలింది.

బావ నన్ను కాక ఆ ముక్కలను చూశాడు.

"దిగినయి గట్లనే ఉంటె ఏమైతది బామ్మర్ది?"

"ఇయ్యాల ఏం కాదు బావా. మన్ను ఒత్తినప్పుడు పలుగుతది. మోటరు లోపల్నే ఇరుకుతది."

"తీస్తె?"

"గుంత కూలొచ్చు."

బోరు బండి మధ్యాహ్నానికి వేరే ఊరికి పోవాలి. కొట్టంలో ఒక బర్రె అరిచింది. బావ తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"తియ్యిండ్రి," అన్నాడు.

మొదటి పైపు వచ్చింది. రెండోది మర దగ్గర విరిగి లోపలే ఉండిపోయింది. దాని మీద నల్లమన్ను కూలింది. బోరు బండి తిరిగి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఈసారి పైపులు నేనే తీసుకువెళ్లాను. అన్న ఒక్కొక్కదాన్ని అలవాటు కొద్దీ చేత్తో తూచి, తర్వాత నేలకేసి కొట్టి, అప్పుడే బండి ఎక్కించాడు.

పోయినవి: ఒక బోరు, పన్నెండు పైపులు, సంతలో అమ్మిన మూడు బర్రెలు. ఉన్నవి: కొత్త బోరు, అందులో నీళ్లు, ఐదు బర్రెలు.