నీలం తిరిగిన గొట్టాలు

నూర్ బీ పుట్టింది పెడనలో, కలంకారీ అద్దకంవాళ్ల ఇంట్లో. బట్టను ఎన్నిసార్లు ఉడకబెట్టినా ఆఖరి జాడింపు పారే నీళ్లలోనే. ఆ అలవాటు ఆమె చేతులకు చిన్నప్పుడే పట్టింది. బందరులో ఒక కాలేజీ లాబ్‌లో గాజుసామాను కడిగే పనిలో చేరి పదకొండేళ్లయినా పోలేదు. డిస్టిల్డ్ వాటర్‌తో గొట్టాలు జాడించాక, డబ్బాలో నిలవున్న నీళ్లకు మురికేం పోతుందని, చివర కుళాయి కింద ఒక తిప్పు తిప్పేది.

గోవర్ధనరావుగారు అక్కడ వణుకుడు జబ్బు మీద పరిశోధన చేస్తున్నారు. ఆ జబ్బులో మెదడులోని ఒక ప్రొటీన్ ముద్దకడుతుంది. కంటికి ఆనని బంగారు రేణువులున్న ఎర్రటి నీళ్లలో ఆ ప్రొటీన్ కలుపుతారు. అది ముద్దకడితే రేణువులు దగ్గరపడి నీళ్లు నీలమవుతాయి. మే నెలలో నూర్ బీ కడిగిన గాజు గొట్టాల్లో కలిపితే ఇరవైకి ఇరవై నీలమయ్యాయి. పోల్చి చూడ్డానికి ప్రొటీన్ వేయకుండా ఉంచినవి మాత్రం కొత్త ప్లాస్టిక్ గొట్టాల్లో ఎర్రగానే నిలిచాయి. దాని మీద సార్ పరిశోధన పేపరు రాసేశారు. పత్రికకు పంపాల్సిన రోజు రానే వచ్చింది.

ఇరవైకి ఇరవై అయ్యేసరికి నూర్ బీకి అనుమానం వచ్చింది. ఎండాకాలం కుళాయి నీళ్లు ఉప్పన. అద్దకంలో ఉప్పునీళ్లకు రంగు విరిగిపోవడం ఆమె ఎరగనిది కాదు. తను కడిగిన మూడు గొట్టాలు తెచ్చి, సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఉమాదేవి చేత ఉత్త బంగారు నీళ్లు పోయించింది. ప్రొటీన్ లేకుండానే మూడూ నీలం తిరిగాయి.

"పిన్నీ, ఏం కలిపారు ఇందులో?"

"కుళాయి నీళ్ల తడమ్మా. తప్పు నాదే. పద, సార్‌కి చెబుదాం."

"మీ ఉద్యోగం పోతుంది!"

"పోతే పోనీ. నా ఉప్పునీళ్లు తీసుకెళ్లి ఆ వణికేవాళ్ల నెత్తిన రుద్దుతారా?"

సార్ ఆ గొట్టాల వంక చూసీ చూడనట్టు చూశారు.

"గొట్టాలు కడుక్కోక నీకెందుకు ఇవన్నీ?"

"కడిగింది నేనే కాబట్టండీ."

అప్పటికే ఆమె కడుగుడు రిజిస్టరులో 'ఆఖరున కుళాయి నీళ్లు' అని రాసి సంతకం పెట్టేసింది.

"అది కొట్టెయ్."

"కొట్టెయ్యనండి."

"రేపు నీ చోట ఇంకొకరిని పెట్టుకుంటాను."

"పెట్టుకోండి. వచ్చినావిడ చేత ముందు ఈ పేజీ చదివించండి."

సార్ ఉమాదేవి వైపు తిరిగారు. ఆమె రిజిస్టరు ఆయన ముందుకు జరిపింది. "పేపర్లో నా పేరు కూడా ఉందండి. పంపొద్దు."

పేపరు వెళ్లలేదు. సార్ నూర్ బీని పనికి రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. మర్నాడు తొమ్మిదింటికి అందరికంటే ముందొచ్చి ఆమె హాజరు పట్టీలో సంతకం పెట్టింది. పనిలోంచి తీసేసేదేదో తన మొహం చూసి చెప్పమని.