రెజిన్ నీళ్ళలో వడ్ల పొట్టు

మా చెల్లెలు గంగమణి పొలానికి తూమే లేదని కాలువ ఆఫీసు వాళ్ళు కాగితం మీద రాసిచ్చారు. "ఎన్నడూ లేదు" అని రాసి, కింద ముద్ర కొట్టారు.

ఎన్నడూ లేదట! ఆ తూము పలక ఎత్తి దించిందే మా బాపు. బోధన్ వైపు కాలువ మీద లష్కర్‌గా పనిచేశాడాయన. ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసుకునే పని. నేను ఆయన వెంట ఆ గట్టు మీద నడిచి పెరిగినవాణ్ణి.

దయ్యాల ఊసెత్తిన వాళ్ళతో టీ కొట్టు దగ్గర గొంతు చించుకుని కొట్లాడిన మనిషిని నేను. బడికి పోయింది తక్కువే అయినా, చదువుకున్నదంతా నాకు నేనుగా చదువుకున్నాను. కళ్ళతో చూడనిది ఒప్పుకోను. ఇది మాత్రం కళ్ళతో చూశాను.

తప్పులో నా వాటా కూడా ఉంది, దాచను. గంగమణికి బోరు ఉన్నన్నాళ్ళూ ఆ తూమును ఎవరూ పట్టించుకోలేదు. అది ఒండ్రులో పూడిపోయింది. బోరు ఎండిపోయాక కాలువ ఆఫీసు ఇంజనీరమ్మను తీసుకుపోయి, చేతికర్రతో గట్టు మీద గుచ్చి "ఇగో, ఇక్కడ్నే" అన్నాను. పక్క పొలం సుబ్బారావు గారు గడ్డపార పట్టి నడుములోతు తవ్వారు. రాయి కాదు కదా, రప్ప కూడా తగల్లేదు. ఆ కాగితం అప్పుడే పుట్టింది. వచ్చే ఎండాకాలంలో కాలువకు సిమెంటు లైనింగ్ వేస్తారు. కాగితంలో లేని తూముకు దారి వదలరు. ఆ తరవాత చెల్లెలి పొలానికి చుక్క నీరు రాదు.

నా జ్ఞాపకం మీద నాకు గర్వం. అందుకే ఆ గట్టును బాపు కాలంలో ఉన్నట్టు బొమ్మగా చేసి ఆఫీసు బల్ల మీద పెడదామనుకున్నాను. చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసినవాణ్ణి, చేతులు ఊరుకోవు. మిల్లు మూతపడ్డాక నిజామాబాద్‌లో ఇంట్లో కూర్చుని చెరుకు బండ్లు, మిల్లు గొట్టాలు చిన్నచిన్నవిగా చేస్తుంటాను. బొమ్మలో నీళ్ళలా కనబడేట్టు రెజిన్ పోయడం మాత్రం ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను.

ఫోనులో చెబితే గంగమణి నవ్వింది. "అన్నా, నీ బొమ్మ కాలువల నీళ్ళు పారితే నా మడి తడుస్తదా?"

రెజిన్ అంటే గాజులా గట్టిపడే జిగురు. దాన్ని, గట్టిపరిచే ద్రవాన్ని సమంగా కలపాలి. తొందరపడి తిప్పితే బుడగలు వస్తాయి. ఒకేసారి లోతుగా పోస్తే వేడెక్కి పగులుతుంది. పలచగా ఒక పొర పోసి, రోజంతా ఆగి, మరో పొర పోయాలి. ఒండ్రు రంగు కోసం సూదిమొనతో ఒక్క చుక్క గోధుమరంగు కలిపాను. అడుగున వేసిన ఇసుకను ముందే కడిగి, జల్లించి, ఎండబెట్టాను. రసమట్టం పెట్టి చూస్తే బొమ్మ కింది చెక్క ఎటూ వాలలేదు.

చివరి పొర పొద్దున పోశాను. వేడిగాలి పట్టి బుడగలు తీసి, దుమ్ము పడకుండా గాజు పెట్టె బోర్లించి, తలుపుకు తాళం వేశాను. ఇంట్లో నేనొక్కణ్ణే.

మర్నాడు పొద్దున పెట్టె ఎత్తాను. నీళ్ళు అచ్చం కాలువ నీళ్ళలాగే ఉన్నాయి. కాని ఆ గట్టిపడ్డ నీళ్ళ లోపల వడ్ల పొట్టు! ఏడెనిమిది పొట్టు రేకులు సుడి తిరుగుతూ ఒక్కచోటికి చేరుతున్నట్టు ఆగిపోయి ఉన్నాయి. నేను తూము పెట్టిన చోట కాదు, దానికి రెండు వేళ్ళ వెడల్పు తూర్పుగా.

నా ఇంట్లో వడ్లు లేవు. పొట్టు ఎలాగో పడిందనే అనుకుందాం. తేనెలా కదలకుండా నిలిచిన రెజిన్‌లో సుడి ఎట్లా తిరుగుతుంది?

గంగమణిని పిలిపించాను. అది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బాపు సల్లినట్టే ఉన్నదే అన్నా."

అప్పుడు గుర్తొచ్చింది. కాలువ నిండుగా పారేటప్పుడు తూము నోరు పైకి కనబడదు. బాపు దోసెడు పొట్టు నీళ్ళ మీద చల్లేవాడు. అది ఎక్కడ గిర్రున తిరిగితే అక్కడ చెయ్యి దింపి పలక పట్టేవాడు. ఇంత జ్ఞాపకం ఉందని మిడిసిపడ్డ నేను ఈ ఒక్క సంగతీ మరిచాను.

నా బొమ్మలో ఒక వేలి వెడల్పంటే నేల మీద పది అడుగులు. గట్టుకు పోయి, కర్ర గుచ్చిన చోటి నుంచి తూర్పుకు ఇరవై అడుగులు కొలిచాం. గట్టు పక్క రోడ్డు వెడల్పు చేసినప్పుడు నేను నమ్ముకున్న ఆనవాళ్ళన్నీ జరిగిపోయాయని అక్కడ నిలబడ్డాకే అర్థమైంది.

సుబ్బారావు గారు గడ్డపార భుజాన వేసుకొచ్చి, "పెద్దాయనా, ఈసారైనా నిజం చెప్పండి. తూమా, నూతి పనా?" అన్నారు.

మోకాలి లోతులో గడ్డపార ఖంగుమంది. చెక్కిన రాయి, దానికి గుండ్రటి కంత, పక్కన తుప్పు పట్టిన పలక. గంగమణి ఆ కంతలోకి చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

ఫోటోలు జతచేసి ఆఫీసుకు ఉత్తరం రాశాను. కోపంగానే రాశాను. పొట్టు సంగతి మాత్రం రాయలేదు. ఏమని రాయను? ఆ బొమ్మ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, రోజూ చూస్తాను, ఆ పొట్టు ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. లైనింగ్ పని మొదలుకాక ముందే ఇంజనీరమ్మ నుంచి జవాబు వచ్చింది:

"మీరు చూపిన చోట తూము ఉన్నది. లైనింగ్‌లో దానికి దారి వదులుతున్నాము. మా పాత జవాబు తప్పు, దానిని రద్దు చేస్తున్నాము. మా పటాలు వేటిలోనూ లేని ఆ చోటును మీరు ఎట్లా గుర్తించారో ఫైలులో రాయవలసి ఉన్నది. దయచేసి తెలుపగలరు."